వదలని మన్ను

వాన వెలిసిన మర్నాడు కదిరప్ప చేసే మొదటి పని కొలవడం. మొహం కూడా కడుక్కోడు. చెప్పులు విడిచి, భార్య సమాధి దగ్గర నిలబడి, మడమకు బొటనవేలు ఆనించి ఒక్కొక్క పాదమే పెట్టుకుంటూ వాననీళ్లు తవ్విన కోత అంచుదాకా నడుస్తాడు. ఆ ఉదయం పదకొండు పాదాలు వచ్చాయి. అంతకుముందు వానకు పద్దెనిమిది. వన్నూరమ్మను పూడ్చిననాడు నూట ఇరవై.

ఏడేళ్ల కిందట ఆ కోత చేని దిగువన చిన్న గాడిలా ఉండేది. మేకపిల్ల కూడా దాటేది. ఇప్పుడు ఒకడి భుజాల మీద ఒకడు నిలబడితే పైవాడి తల మాత్రం కనబడుతుంది. వానలు మారిపోయాయి. నెల పొడుగునా జల్లుగా పడాల్సింది ఒక్క పూటలో కుమ్మరించి పోతుంది, తర్వాత నలభై రోజులు మొహం చూపదు. పడ్డ నీళ్లు ఊరికే పోవు. పైనున్న ఎర్రమన్ను ఎత్తుకుని, కోతలో దూకి, ఊరి కింది చెరువులో పడతాయి. ప్రతి వానకూ అంచు విరిగి, కోత సమాధి వైపు ఇంకొంచెం జరుగుతుంది.

కదిరప్ప చేయని ప్రయత్నం లేదు. అర్జీలు రాశాడు. ఒకసారి రాళ్లకట్ట మంజూరైంది. కట్టినవాళ్లు ఫొటో తీసుకుని పోయారు, మొదటి వానకే రాళ్లు కూడా పోయాయి. తర్వాత వచ్చిన ఆఫీసరు గట్టు మీద నిలబడి, "గడ్డి నాటు పెద్దాయనా" అన్నాడు. నాటాడు. గడ్డి వేరు పట్టాలంటే వాన మెల్లగా పడాలి. ఆ సంగతి ఆఫీసరుకు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి జీపు దిగి వచ్చిన నీరజాక్షిని చూసి అతను లేచి నిలబడలేదు. పరిశోధనా కేంద్రం నుంచి వచ్చానంది. నలభై ఏళ్లుంటాయి. చెప్పులకు ఎర్రమన్ను ఉంది. అదొక్కటే అతనికి నచ్చింది.

"రెండు గ్లాసులు ఇస్తారా?"

"టీకైతే పాలు లేవు మేడమ్."

"నీళ్లకే."

ఆమె సంచిలోంచి రెండు మట్టిగడ్డలు తీసింది. రెండూ నిమ్మకాయంత. స్టీలు గ్లాసుల్లో నీళ్లు పోయించి చెరొకదాంట్లో వేసింది. మొదటి గడ్డ బుస్సుమని విడిపోయి, చూస్తుండగానే నీళ్లు ఎర్రగా చేసి అడుగున బురదై కూర్చుంది. రెండోది అలాగే ఉంది. ఆమె వేలితో పొడిచింది. చెంచాతో తిప్పింది. నీళ్లు తేటగానే ఉన్నాయి.

"రెండూ మీ చేని మన్నే. మొన్న మీరు లేనప్పుడు తీసుకుపోయాను."

"దీంట్లో సిమెంటు కలిపినారు."

"ఆగండి." ఆ గడ్డను తీసి అరుగు మీద ఎండలో పెట్టింది. గంట కూడా కాలేదు. రెండు వేళ్లతో నలిపితే రవ్వలా రాలింది.

కదిరప్ప వంగి వాసన చూశాడు. పాత గోనెసంచి వాసన. రవ్వ మధ్యలో సాలెగూడు లాంటి తెల్లటి దారాలున్నాయి.

"బూజా?"

"బూజే. గుట్ట మీద రాళ్లల్లో బతికే రకం. మేము తొమ్మిదేళ్లు దాని గుణం మార్చాం. చినుకు తగిలితే మన్నును పిడికిట్లో పట్టుకుంటుంది. ఎండ తగిలితే వదిలేస్తుంది. నీళ్లు లోపలికి ఇంకుతాయి, మన్ను మాత్రం కదలదు."

కేంద్రంలో తొట్లలో చూశారట. ఇప్పుడు నిజం చేను, నిజం వాలు కావాలి. ఎగువన బోరు దగ్గర ఒక నేల చెక్క ఇవ్వమంది. కదిరప్ప దిగువకు చేయి చూపాడు. సమాధికీ కోతకూ మధ్య ఉన్న పదకొండు పాదాల నేల, దానికి అటూ ఇటూ నలభై అడుగులు.

"ఇస్తే అది ఇస్తా. లేకుంటే మీ దారి మీది."

ఆమె ఆ బండరాళ్ల కుప్పను, దాని మీద వెలిసిపోయిన పసుపును చూసింది. ఎవరిదని అడగలేదు. సరేనంది. పోయేముందు ఒక్క షరతు పెట్టింది. అదే మాటను రెండుసార్లు చెప్పింది.

"దీన్ని ఆకలితో ఉంచాలి కదిరప్పగారూ. ఆకలితో ఉన్నంతకాలమే ఎండకు పిడికిలి వదులుతుంది. కడుపు నిండితే ఏం చేస్తుందో మేమింకా చూడలేదు. ఎరువు వద్దు, పేడ వద్దు. గొర్రెల మంద అసలే కట్టించొద్దు."

"ఆకలి సంగతి నాకు చెప్పాల్నా" అన్నాడు.

*

వన్నూరమ్మ వడదెబ్బకు పోయింది. మే నెల, మిట్టమధ్యాహ్నం. అప్పటికింకా గాడిగా ఉన్న కోతకు అడ్డంగా రాళ్లు పేరుస్తూ పడిపోయింది. కదిరప్ప కొట్టం నీడలో, నేల గుల్ల చేసే గుంటకకు పలక బిగిస్తున్నాడు. "ఇంత ఎండలో రాళ్లేందే" అని కేకేశాడు తప్ప లేచి పోలేదు. రెండోసారి కేకేస్తే జవాబు రాలేదు. అప్పుడు లేచాడు.

వాళ్లలో సొంత చేలోనే పూడ్చడం ఆచారం. చోటు చూపించింది కదిరప్పే.

ఆమెకు ఒక పిచ్చి ఉండేది. ఎండాకాలం చెరువు ఎండగానే పూడికమట్టి తోలించేది. ఊళ్లో అందరూ ఏదో ఒక ఏడు తోలుకుంటారు. ఈమె ప్రతి ఏడూ. తట్ట నెత్తిన పెట్టుకుని తనే చల్లేది. కదిరప్పకు అది చూస్తే ఒళ్లు మండేది.

"పోయేదాన్ని మోసుకొచ్చి ఏం లాభం? మళ్లీ వానకు అదే చెరువుకు పోతాది."

"పోతే మళ్లీ తెస్తా."

ఆమె పోయాక ఒక్క తట్ట కూడా తోలించలేదు. రాగిసంగటి వండుకోవడం మాత్రం నేర్చుకున్నాడు. ఏడేళ్లైనా ఉండలు కడుతూనే ఉంది.

*

నీరజాక్షి బూజు కలిపిన ఊక చల్లి పోయిన పన్నెండో రోజున మొదటి వాన పడింది. కదిరప్ప మర్నాడు కొలిచాడు. పదకొండు. మళ్లీ కొలిచాడు. పదకొండే. పై చేలల్లోంచి వచ్చిన నీళ్లు ఆ చెక్క మీదుగా పోయి కోతలో దూకాయి గాని, ఒక్క గడ్డను కూడా విరవలేకపోయాయి. ఆరోజు అతను ఎవరినీ తిట్టలేదు.

రెండో వాన మూడు గంటల్లో వాగులూ వంకలూ నింపింది. ఈసారి తొమ్మిది వచ్చింది. తూర్పు మూల రెండు పాదాల మేర జారిపోయింది. ఆకలితో ఉన్న పిడికిలికి అంతే బలం.

అతను అంచున కూర్చుని చాలాసేపు ఆ విరుపును చూశాడు. దాని పక్కనే ఒక ముక్క, చాపంత, విరగకుండా ముందుకు పొడుచుకుని ఉంది. కింద మన్ను పోయినా అది అరుగులా నిలబడింది. గడ్డపారతో పొడిచాడు. పార ఎగిరిపడింది. చుట్టూ చూస్తే గొర్రె పెంటికలు కనబడ్డాయి. కిందటి వారం బీరన్న మందలోంచి తప్పిపోయిన నాలుగు గొర్రెలు అక్కడే పడుకున్నాయి. పొద్దున వచ్చి వాటిని తోలుకుపోతూ బీరన్న రెండు బూతులు తిట్టాడు కూడా.

కదిరప్ప ఆ సాయంత్రమే బీరన్న దగ్గరికి పోయాడు. బీరన్నది మూడు వందల గొర్రెల మంద. కోతలైన చేలల్లో రాత్రిళ్లు మంద ఆపుతాడు. పెంటికలు, ఉచ్చ చేనికి బలం. ఎన్ని రోజులు కడితే అన్ని పడుల రాగులు కొలిచి ఇవ్వాలి. తాతలనాటి నుంచి అదే పద్ధతి.

"ఎనిమిది రోజులు కట్టు. దిగువ చెక్కలో."

బీరన్న చుట్ట నోట్లోంచి తీశాడు. "ఆడ మా వదినె ఉండాది కదన్నా."

"ఉంటే?"

"సమాధి మీద మంద యాడన్నా కడతారా? మూడు నూర్ల గొర్రెలు ఉచ్చ పోస్తే ఆ పాపం నాకు సుట్టుకుంటాది."

"ఆమెకి గొర్రెలంటే ఇష్టం."

"నీకేం తెలుసు ఆమెకేం ఇష్టమో" అన్నాడు బీరన్న, నవ్వుతూనే. కదిరప్ప నవ్వలేదు. బీరన్న చుట్ట మళ్లీ వెలిగించుకున్నాడు. "సరే. పాపం నీది, రాగులు నాయి."

ఎనిమిది రోజులు కట్టాడు. తొమ్మిదో రోజు పొద్దున మంద లేచి, ఎప్పటిలాగే, వాలు వెంట దిగువ చేల గట్ల మీదుగా చెరువు దాకా నడిచి నీళ్లు తాగింది. గిట్టల సందుల్లో తెల్లటి దారాలు ఎవరు చూస్తారు?

*

శ్రావణంలో వచ్చిన వాన ఆ ప్రాంతంలో ఎవరూ ఎరగనిది. పొద్దున ఎనిమిదికి మొదలై పదకొండుకు ఆగింది. మండలంలో ఏ గట్టూ మిగల్లేదు. కదిరప్ప దిగువ చెక్క మాత్రం కడిగిన బల్లలా ఉంది. తొమ్మిది పాదాలు. ఒక వేలు కూడా తగ్గలేదు.

నీరజాక్షి మర్నాడే వచ్చింది. వెంట ఇంకో ఇద్దరిని, కొలిచే సామాను తెచ్చింది. అంచు మీద ఎక్కి గెంతింది. అది మెత్తని చెక్కపలక మీద గెంతినట్టుంది. ఆమె మొహంలో వెలుగు చూసి కదిరప్పకు ఇబ్బంది అనిపించింది.

"ఎరువు ఏమైనా వేశారా?"

"లేదు."

"మంద?"

"దారిన పోయేవి ఉంటాయి. వాటిని ఆపలేం కదా."

ఆమె ఒక పెంటికను చెప్పుతో పక్కకు తోసి, పుస్తకంలో రాసుకుంది. తొమ్మిదేళ్ల పని ఆమెది. ఆ క్షణాన నమ్మడమే ఆమెకు కావాలి. నమ్మింది. ఆమె రాస్తున్నంతసేపూ కదిరప్ప పెన్ను వైపు చూస్తూ నిలబడ్డాడు.

*

నలభై రోజుల తర్వాత బావమరిది ఓబులపతి ఇంటి ముందుకొచ్చాడు. వన్నూరమ్మ తోడబుట్టినవాడు. కదిరప్ప చేని కిందే అతని చేను. అక్క పోయినప్పటి నుంచి ఇద్దరి మధ్యా మాటలు తక్కువ. చేతిలో వేర్లతో సహా పీకిన వేరుశనగ చెట్టు ఉంది.

"బావా, ఇది చూడు."

చెట్టు పచ్చగానే ఉంది. పూలు పూసి రాలాయి. పువ్వు రాలినచోట నుంచి ఊడలు దిగాయి. దారంలా సన్నగా కిందికి వంగి, మొన నేలలోకి గుచ్చుకుంటే, అక్కడ కాయ ఊరుతుంది. ఈ చెట్టుకు ముప్పై నలభై ఊడలున్నాయి. ఒక్కటీ నేలలోకి పోలేదు. అన్నిటి మొనలూ నల్లగా మాడి పక్కకు తిరిగి ఉన్నాయి.

"ఎండిపోయిందా నేల?"

"ఎండితే గుంటక తోలి గుల్ల చేసుకోనా? గుంటక దిగల్యా. వానొచ్చి పదైదు దినాలాయె. పైన ఎండ మాడ్తాంది. నేల మాత్రం పిడికిలి ఇప్పల్యా." అతను చెట్టును అరుగు మీద పడేశాడు. "నా ఒక్కనిది కాదు. మంద నడిచిన దారంతా, చెరువు దాకా, పదకొండు ఇండ్లోళ్ల చేన్లు. బీరన్నను అడిగినా. చెప్పినాడు."

కదిరప్ప ఒక ఊడ మొనను గిల్లి చూశాడు.

"మేడమ్ వద్దనిందంట కదా మంద."

"కోత నీ అక్క మీదికి వస్తాంటే నువ్వేం చేసినావు?" అన్నాడు కదిరప్ప. "ఒక రాయి తెచ్చి పెట్టినావా?"

ఓబులపతి గొంతు పెంచలేదు. "ఆ పొద్దు ఎగువ చేలో పెట్టమని కాళ్లు పట్టుకున్నా నీకు. మంచి నేల, ఇత్తనం పడే నేల, దాంట్లో సమాధి ఎందుకంటివి. పనికిరాని మూలలో పెడితివి. నీకు మా అక్క అంటే అంత ప్రేముంటే, ఒక సాలు నేల ఇయ్యనీకె చేతులెందుకు రాకపోయె?"

కదిరప్ప చెట్టును అరుగు మీంచి తీసి, వేర్లకంటిన మన్నును గోటితో గీకాడు.

"ఇంకా పదైదు దినాలు పూలు పూస్తాయి" అన్నాడు ఓబులపతి పోతూ. "అంతలోపల నేల ఇప్పితే సగం పంట. లేకుంటే అందరం పశువులకు మేపుకోవాల్సిందే. ఏమన్నా చెయ్యి."

*

పరిశోధనా కేంద్రానికి రెండు బస్సులు మారి పోవాలి. నీరజాక్షి గాజు ఇంట్లో ఉంది. అద్దాల గోడల మధ్య తొట్లు వరుసగా ఉన్నాయి, అన్నిట్లో వేరుశనగే. ఆమె తిరిగి చూసింది గాని కూర్చోమనలేదు. ఓబులపతి ఆమెకు ముందే ఫోను చేశాడని అర్థమైంది.

"ఎన్ని రోజులు కట్టారు?"

"ఎనిమిది."

ఆమె రెండు తొట్లు బల్ల మీదికి లాగింది. ఒకదాంట్లో ఊడలు మన్నులోకి దిగి ఉన్నాయి. రెండోదాంట్లో గాల్లో వేలాడుతున్నాయి. "దీనికి నాలుగు రోజుల కిందట గొర్రె ఉచ్చ తెప్పించి పోయించాను. తొమ్మిదేళ్లలో ఎవరికీ తోచలేదు. మాకు మందలు లేవు మరి."

"చెప్పినారు కదా మీరు. మంద వద్దని."

"చెప్పాను. తర్వాత అడిగాను కూడా. ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే పెరికేసి పోదురు."

ఆమె చాలాసేపు తొట్టి అంచును గోటితో గీకింది. "మీ మాట మీద నేను పై అధికారులకు కాగితం రాశాను. పదహారు జిల్లాలకు పంపొచ్చని రాశాను." నవ్వబోయి మానుకుంది. "ఇప్పుడు కమిటీ వేస్తామంటున్నారు. వాళ్లు వచ్చి చూసేసరికి నెల పడుతుంది."

"నెలకి చెనిక్కాయ ఉండదు."

"తెలుసు."

ఆమె మూడో తొట్టి చూపింది. అది పొడుగాటిది, మధ్యలో రేకు దించి రెండుగా కోసి ఉంది. ఎడమవైపు ఉచ్చ పోసిన ముద్ద రాయిలా ఉంది. కుడివైపు మన్ను గుల్లగా, మామూలుగా ఉంది.

"మేత తిన్నది మీ చెక్కలోదే. గిట్టలకంటి మిగతా చేలల్లోకి పోయి, దారి పొడుగునా అల్లుకున్నవి దాని దారాలే. తల్లి తిని పిల్లలకు పంపుతున్నట్టు ఇక్కడి బలమే అక్కడికి పోతోంది. తల్లిని తెంపితే అవి మళ్లీ ఆకలితో ఉంటాయి, రెండు రోజుల ఎండకు వదిలేస్తాయి. మొత్తం తవ్వి పైకి తీసి, చచ్చేదాకా మూడు రోజులు ఎండలో పరచాలి. అరచేతంత మిగిలినా మళ్లీ మొదలు."

"సున్నం పోస్తే?"

"పైన చస్తుంది. లోపల బతుకుతుంది. మూడడుగుల లోతు పోయింది." ఆమె అతని మొహం చూడకుండా అడిగింది. "ఎక్కువ లావు ఎక్కడుందో తెలుసా మీకు?"

"తెలుసు."

మంద పడుకున్న చోటు మధ్యలో ఏముందో అతనికి కాక ఎవరికి తెలుసు?

"ఆదివారం దాకా వాన లేదంటున్నారు" అంది ఆమె. "ఆదివారం మాత్రం పెద్దది."

*

బుధవారం పొద్దున పదకొండు ఇళ్ల మగవాళ్లూ ఆడవాళ్లూ గడ్డపారలతో వచ్చారు. ఎవరూ కదిరప్పను పలకరించలేదు. ఒకాయన మాత్రం, "మంద కట్టేటప్పుడు మమ్మల్ని పిలిచింటే రాగులు మేమూ ఇస్తాంటిమి" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు.

మన్ను మన్నులా రాలేదు. కంబళి చించినట్టు పొరలు పొరలుగా వచ్చింది, చప్పుడుతో సహా. ఒక్కో పొరను నలుగురు పట్టుకుని గట్టు మీదికి లాగి ఎండలో పరిచారు. మధ్యాహ్నానికి పార పట్టిన అందరి చేతులూ బొబ్బలెక్కాయి. నీరజాక్షి చీర కొంగు దోపుకుని ఆడవాళ్ల వరుసలో తట్టలు అందించింది. గురువారం పొద్దెక్కేసరికి సమాధి చుట్టూ అంతా అయిపోయింది. నడుమ అది ఒక్కటే మంచమంత దిబ్బగా మిగిలింది.

పారలు ఆగాయి.

"ఇది వదిలేద్దాం బావా" అన్నాడు ఓబులపతి.

ఎవరూ కాదనలేదు. నీరజాక్షి మాత్రం తల ఎత్తలేదు. కదిరప్ప అది చూశాడు.

"అందరూ అట్ల జరగండి."

పసుపు రాళ్లు తీసి పక్కన పెట్టాడు. తనే తవ్వాడు. అరవై రెండేళ్ల మనిషి, గంటకు జానెడు. ఓబులపతి రెండుసార్లు పార అందుకోబోయాడు, ఇవ్వలేదు. మూడడుగుల కింద పొర మందంగా, తెల్లగా ఉంది. అందులో ఆకుపచ్చ గాజు ముక్కలు కనబడ్డాయి. ముత్తైదువగా పోయింది కాబట్టి గాజులతోనే పంపారు. బూజు వాటిని, మిగిలినవాటిని, ఒక్కటి కూడా జారకుండా పట్టుకుని ఉంది. అతను అడిగింది అదే కదా. మన్ను ఆమెను వదలకూడదనే కదా.

విడదీయడానికి అతనికి చేతులు రాలేదు. పొర పొరగానే, ఓబులపతి ఒకవైపు, తను ఒకవైపు పట్టుకుని, పైకి తెచ్చి గట్టు మీద పరిచారు.

ఓబులపతి తలగుడ్డ విప్పి కప్పబోయాడు.

"ఎండ తగలాలి" అంది నీరజాక్షి, దాదాపు వినబడకుండా.

ఓబులపతి తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. కదిరప్ప దాన్ని తీసుకుని అతని భుజాన వేశాడు. వడదెబ్బకు పోయిన మనిషిని తెచ్చి మళ్లీ ఎండలో పెట్టాడు. ఆమె పడిపోయిన చోటికి అది పది అడుగులు కూడా లేదు.

ఆ మధ్యాహ్నం, శుక్రవారం పగలంతా అక్కడే కూర్చున్నాడు. కుక్కలను, కాకులను తోలుతూ. గొడుగు తెస్తే తీసుకోలేదు. శుక్రవారం సాయంత్రం ఓబులపతి చేను మధ్య నుంచి కేకేశాడు. గుంటక దిగిందట.

*

శనివారం సాయంత్రానికి మూడు రోజులూ నిండుతాయి. అప్పుడు ఎగువ చేలో పెడదామనుకున్నారు. విత్తనం పడే నేలలో, మధ్య సాలులో. ఎక్కడో కదిరప్పే చూపించాడు. మధ్యాహ్నం ఇద్దరూ పైకి పోయి గుంత తవ్వడం మొదలుపెట్టారు. పార దిగుతుంటే ఓబులపతి ఒకసారి అన్నాడు, "మంచి నేల." కదిరప్ప, "ఊ" అన్నాడు.

వాన ఒక రోజు ముందే వచ్చింది.

చినుకులు కావు. గుట్ట కనబడకుండా పోయింది, అంతే. ఇద్దరూ కిందికి పరుగెత్తారు. అప్పటికే పై చేల నీళ్లు ఎర్రగా ఒకటై దిగుతున్నాయి. మూడు రోజుల ఎండకు చచ్చిన బూజు దేన్నీ పట్టుకోలేదు. గట్టు మీద పరిచిన పొరలన్నీ, గ్లాసులో వేసిన ఆ మొదటి గడ్డలాగే, బుస్సుమని విడిపోయాయి. కదిరప్ప నడుములోతు నీళ్లలో దిగాడు. ఓబులపతి వెనక నుంచి వాటేసుకుని లాగాడు. అతను మోచేత్తో మొహం మీద కొట్టాడు. ఓబులపతి వదల్లేదు.

వాన వెలిశాక కొలవడానికి ఏమీ లేదు. తొమ్మిది పాదాలూ, సమాధీ, గట్టూ అన్నీ కోతే. ఎగువ చేలో తవ్విన గుంత నిండా నీళ్లున్నాయి.

*

ఊడలు దిగాయి. ఆలస్యంగా పూసినవాటికే కాయ పట్టింది. సగం పంట. ఎవరూ వచ్చి మంచి మాట చెప్పలేదు. చెడ్డ మాటా చెప్పలేదు. ఓబులపతి ఒక తట్ట పచ్చికాయలు అరుగు మీద పెట్టి పోయాడు. విరిగిన ముక్కు కొంచెం వంకరగానే అతుక్కుంది.

కార్తీకంలో నీరజాక్షి ఫోను చేసింది. విభాగం మూసేశారట. తొట్లన్నీ కాల్చారట. ఆమెను విత్తనాల గోదాముకు వేశారట.

"కమిటీకి వివరణ రాయాలి. మీకు సరిగా హెచ్చరిక అందలేదని రాస్తున్నాను. మీ మీద కేసు లేకుండా పోతుంది."

"హెచ్చరించినారు. రెండుసార్లు."

"కదిరప్పగారూ..."

"ఉన్నదున్నట్లే రాయండి" అని పెట్టేశాడు.

ఎగువ చేలో గుంతను మాత్రం పూడ్చలేదు. రబీకి విత్తనం గొర్రు తోలేటప్పుడు దాని చుట్టూ తోలాడు. నాలుగు సాళ్లు వంకరపోయాయి. జనం చూసి నవ్వుకున్నారు.

మే నెలలో చెరువు ఎండింది. ట్రాక్టర్లు దిగాయి. మట్టి తోలడానికి వచ్చినవాళ్లలో కదిరప్పను చూసి ఓబులపతి దగ్గరికొచ్చాడు.

"నువ్వేంది బావా ఈడ?"

"మట్టికి."

"ఎప్పుడూ తోలవు కదా. మళ్లీ వానకు ఈడికే వస్తాదంటివి."

"వస్తే మళ్లీ తోల్తా."

ఓబులపతి ఇంకేదో అనబోయి, అతను తవ్వుతున్న చోటు చూశాడు. కోత వచ్చి చెరువులో కలిసే మూల అది. కొత్తగా మేటేసిన ఎర్రమన్ను. పార తెచ్చుకుని పక్కన నిలబడ్డాడు.

ట్రాలీ నిండింది. ఎగువ చేలోకి పోయి, గుంత పక్కన వెనక్కి తిప్పి ఎత్తితే మన్ను గుంతలోకి జారింది. గుంత నిండి, పైన కొంచెం దిబ్బ అయింది. డ్రైవరు ట్రాలీ దించబోయాడు.

"ఆగు" అన్నాడు కదిరప్ప.

ట్రాలీ మూలల్లో, పలకల సందుల్లో కొంచెం మన్ను అంటుకుని ఉంది. అతను పైకెక్కి మోకాళ్ల మీద కూర్చుని చేత్తో గీకడం మొదలుపెట్టాడు. పైన ఎండ మాడుతోంది.

"తట్ట మన్ను కూడా రాదు పెద్దాయనా" అన్నాడు డ్రైవరు. "నాకు ఇంకా మూడు ట్రిప్పులుండాయి."

"తెలుసు" అన్నాడు కదిరప్ప. గీకిందంతా దోసిట్లో పట్టుకుని కింద వేసి, మళ్లీ వంగాడు.